పాసైనందుకు ఏడ్చిన మా ఆడపడుచు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఇటే బాగా వస్తుంది. చెప్పబోయేది కంప్యూటరు సంగతే అయినా భయపడకండి. చెబుతున్నది నేను కాబట్టి నా బుర్రలో పట్టినంత కంప్యూటరే ఇందులో ఉంటుంది. ఆ రోజుల్లో, అంటే చల్లపల్లి పక్క పల్లెటూరి నుంచి నేను బెజవాడ పటమటకి కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో, యూనిట్ టెస్టు అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే: బళ్ళో అప్పుడప్పుడూ పెట్టే చిన్న పరీక్ష. అందులో నేనే క్లాసు ఫస్టు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాత్రం లెక్కలు పోయాయి, దాంతో చదువూ పోయింది.

మా మామయ్యగారు ఆటోనగర్లో లారీల సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవారు. అత్తయ్యగారు ఇంటినీ, మామయ్యగారినీ, చర్చిలో స్త్రీల కూడికనీ ఒంటిచేత్తో నడిపేవారు. మా ఆడపడుచు బుజ్జి గన్నవరం వైపు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శిక్షణకి చేరింది. శిక్షణ అయ్యాక నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే పంపించేస్తారు. బుజ్జికి ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఎందుకంటే అత్తయ్యగారు ముందే తేల్చేశారు: "ఇది నిలబడకపోతే బుద్ధిగా బీఈడీ చేసి టీచరువై కూర్చో." బుజ్జికి చిన్నపిల్లల గోలంటే పడదు (ఇప్పుడు తనకే ఇద్దరు, అది వేరే సంగతి).

ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుని ఏడుపు లంకించుకుంది. ఏమైందంటే "యూనిట్ టెస్టులు వదినా" అంది. ఫెయిలైందనుకున్నాను. ఫెయిలవడంలో నాకున్న అనుభవం ఆ ఇంట్లో మరెవరికీ లేదు కాబట్టి, చపాతీ పిండి చేత్తోనే పక్కన కూలబడి ఓదార్చడం మొదలుపెట్టాను. "పోనీలే బుజ్జీ, ఫెయిలైతే ఏమైంది? నేను అవలా? అన్నం తినటం మానేశానా?"

"ఫెయిలవలేదు వదినా! అన్నీ పాసయ్యాయి!" అని ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

ముందు గదిలో ఉన్న అత్తయ్యగారికి ఆ చివరి మాటే వినపడింది. డబ్బాలో దాచిన బందరు లడ్డూలు పట్టుకుని పరుగున వచ్చి సగం లడ్డూ కూతురి నోట్లో కుక్కారు. బుజ్జి లడ్డూ నములుతూనే వెక్కుతోంది.

"పాసైతే ఏడుస్తావేంటే? మార్కులు తక్కువొచ్చినయ్యా?"

"మార్కులుండవమ్మా!"

"మార్కుల్లేని పరీక్షేంటే? ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టా."

"రాసిందెవరు?"

"నేను తయారుచేసిన ప్రోగ్రాము."

"మరి దిద్దిందెవరు?"

"కంప్యూటరు."

అత్తయ్యగారు కూతురి నుదురు ముట్టి చూసి, నా వైపు తిరిగి, "దీనికి ఎండదెబ్బ తగిలింది. మజ్జిగ పట్రా అమ్మాయ్" అన్నారు.

మజ్జిగ తాగాక బుజ్జి నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ ఆఫీసువాళ్ళు ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ కోసం సీట్లు బుక్ చేసే ప్రోగ్రాము తయారుచేస్తున్నారట. అందులో ఒక చిన్న ముక్క బుజ్జి వంతు. ఒంటరిగా వెళ్ళే ఆడమనిషి పక్క సీటు మగవాళ్ళకి ఇవ్వకూడదు, అంతే. మిగతా ప్రోగ్రాముతో కలపకముందే ఆ ముక్కని విడిగా తీసి, అది సరిగ్గా చెబుతోందో లేదో అడిగి చూడటమే యూనిట్ టెస్టట. సరిగ్గా ఉంటే తెర మీద పచ్చరంగు, తప్పితే ఎర్రరంగు. అప్పుడే కాళ్ళు కడుక్కుని వచ్చిన మామయ్యగారు, "అంతేగా! మోటారు లారీకి బిగించకముందు బల్ల మీద పెట్టి తిప్పి చూడమూ?" అని ఒక లడ్డూ అందుకున్నారు.

"మరి అన్నీ పచ్చగానే వచ్చినయ్యంటున్నావుగా?" అన్నాను.

"అదే వదినా గొడవ. మా సారు నా ప్రోగ్రాముని కావాలనే చెడగొట్టారు. ఆడవాళ్ళ పక్క సీటు మగవాళ్ళకే ఇచ్చేటట్టు మార్చారు. అయినా నా టెస్టులన్నీ పచ్చగా పాసే! 'చెడిపోతే చెప్పలేని టెస్టు ఎందుకమ్మా? సోమవారానికి సరిచేసుకురా, నిన్ను ఉంచాలో వద్దో అప్పుడు చూద్దాం' అన్నారు."

"అంటే, ఆడపిల్ల పక్కన మీసాలాయన్ని కూర్చోబెట్టినా పాసేనా?"

"పాసే!"

"ఇంకా నయం, డ్రైవరు ఒళ్ళో కూర్చోబెట్టలా" అన్నారు అత్తయ్యగారు.

నాకు మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. కాగితం నిండితే చాలు, ఏం రాశామో చూడకుండా రైటు కొట్టే మహానుభావుడు. ఒకసారి లెక్క రాక గోంగూర పచ్చడి చేసే విధానం రాసిచ్చాను. దానికీ రైటే! (ఉప్పు వెయ్యడం మరిచిపోయాను, అదీ పట్టుకోలేదు.) ఆ కథ చెప్పేసరికి బుజ్జి ఏడుస్తూ ఏడుస్తూనే పకపకా నవ్వింది. "నా టెస్టులు అచ్చం మీ మాస్టారే వదినా! ప్రశ్న అడుగుతున్నాయి గానీ జవాబు చూడట్లా. సారు చెప్పిందీ అదే, ఏడుపులో నా బుర్రకెక్కలా" అని కళ్ళు తుడుచుకుంది.

శనివారమంతా భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని టెస్టులన్నీ తిరగరాసింది. చివరికి నన్ను పిలిచి, "ఇప్పుడు నా ప్రోగ్రాముని నువ్వు చెడగొట్టు వదినా" అంది. ఆ ఇంట్లో నేను అడక్కుండా చెడగొట్టినవి చాలా ఉన్నాయి (మిక్సీ జారు, అత్తయ్యగారి పట్టుచీర అంచు). చెడగొట్టమని అడిగింది మాత్రం అదే మొదలు. బుజ్జి చూపించిన చోట "నో" చెరిపి, ఒక్క వేలితో వెతుక్కుంటూ "ఎస్" కొట్టాను. తెర భగ్గున ఎర్రబడింది. "ఫెయిల్! ఫెయిలైంది!" అని ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని గెంతాం. "జరగండే, నన్నూ ఓసారి చెడగొట్టనివ్వండి" అని అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కుర్చీ లాక్కున్నారు.

సోమవారం సాయంత్రం బుజ్జి వీధి మలుపులోంచే "ఉంచుకున్నారు వదినా!" అని అరుస్తూ వచ్చింది. సారు ఎన్ని రకాలుగా చెడగొట్టినా ప్రతిసారీ దాని టెస్టు పట్టేసుకుందట. ఇక అత్తయ్యగారి ఆనందం పట్టతరమా? ఆ వారం స్త్రీల కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు: "ఆయన ఎన్నిసార్లు చెడగొడితే మా బుజ్జి టెస్టు అన్నిసార్లూ ఫెయిలైంది. అందుకే ఉద్యోగం ఖాయమైంది. దేవునికి స్తోత్రం!" ఆమెన్ అనబోయిన ఆడవాళ్ళంతా సగంలో ఆగిపోయారు. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "అత్తగారిని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అన్నారు మెల్లగా. నేను గర్వంగా, "అబ్బే, బాగానే ఉన్నారండీ. నేను కూడా చెడగొట్టాను" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని మా ఇద్దరి కోసం ప్రార్థన మొదలుపెట్టారు.

ఇప్పుడు బుజ్జి కింద బోలెడంతమంది పనిచేస్తున్నారు. ఒక్క వేలితో కొట్టి సాఫ్ట్‌వేరంతా నేర్చేసుకున్నాననుకున్న ఆ కొత్తకోడలు మాత్రం నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. వెనక్కి వెళ్ళి దాని భ్రమ పోగొట్టాలని నాకెప్పుడూ అనిపించదు. పాపం, ఆ ఒక్క సాయంత్రం ఎంత సంతోషపడిందో!

ఇంతసేపు విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంటి ఆడపిల్లలు మనసుపడ్డ పనిలో నిలదొక్కుకోవాలి, వాళ్ళు వచ్చే వేళకి మీ వంటింట్లో దీపం వెలుగుతూ, పలకరించే మనిషి ఒకరు ఉండాలి.