రొట్టె రంగు ఈగ

ఈ శీతాకాలం బహ్రెయిన్‌లో వాన పడలేదు. ఏటా మొహం చూపించి వెళ్లే నాలుగు జల్లులు కూడా రాలేదు. మనామాకు పడమట, నేను శుక్రవారాలు వెళ్లే ఖర్జూరం తోటలో బావినీళ్లు ఉప్పు తేలాయి. తోట చివరి చిన్న కుంట మోకాలి లోతుకు దిగింది.

నన్ను ఆ కుంట దగ్గరికి చేర్చింది ఒక గాలం కర్ర. పత్రికాఫీసులో నా పక్క బల్ల ఇంగ్లిష్ పెద్దాయన స్వదేశానికి వెళ్లిపోతూ ఇచ్చాడు. దీనికి ఎర గుచ్చరు. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి ఈగలా తయారుచేసి, నీటి మీద మెల్లగా వాలేలా విసరాలి. దొరికిన చేపను నేను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాను.

తోట చూసుకునే అతనిది జగిత్యాల వైపు పల్లె. కుంటలో తిలాపియా చేపపిల్లలను వేసి పెంచింది అతనే. మొదటి రోజే అడిగేశాడు.

"పట్టుడెందుకు, ఇడిసిపెట్టుడెందుకు సారూ? గీ ఎండల నీకేం పని లేదా?"

"పని లేకే వచ్చాను తమ్ముడూ."

అప్పటినుంచి నాకు అక్కడ చాయ్ ఉండేది. రోజూ పొద్దున మిగిలిన ఖుబ్జ్ రొట్టె తుంచి నీళ్లలో వేసేవాడు. అన్నిటికంటే ముందు వచ్చి పెద్ద ముక్క లాక్కునే నల్లటి చేపకు 'కఫీల్' అని పేరు పెట్టాడు. వీసా ఇప్పించి పనిలో పెట్టుకునే యజమానిని ఇక్కడ అలా అంటారు. "ఊర్ల గొర్లు కాసిన, ఈడ చేపలు కాస్తున్న," అనేవాడు.

ఎండలు మొదలై నీరు ఇంకా తగ్గాక నేను గాలం పక్కన పెట్టేశాను. లోతులేని వేడినీళ్లలో పెనుగులాడి అలసిన చేప తేరుకోదు. ఇంతలో తోట యజమాని కుంటకు ఇక నీళ్లు వదలొద్దన్నాడు. చెట్లకే చాలడం లేదు మరి. చేపలను కావాలంటే నీడలో ఉన్న సిమెంటు తొట్టిలోకి మార్చుకోమన్నాడు.

వల వేస్తే అడుగున పడి ఉన్న ఖర్జూరం మట్టల ముళ్లకు చిక్కి చిరిగింది. మామూలు గాలానికి రొట్టె గుచ్చి వేస్తే చేప కొక్కేన్ని గొంతులోకి మింగి చచ్చిపోయింది. అతను దాన్ని చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"సారూ, నీ ఈగను మింగయి గద?"

"మింగవు. పెదవికే తగులుతుంది. కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లు ముందే నొక్కేస్తే ఊడదీయడమూ తేలికే."

ఆ వారం బుసైతీన్‌లో మా ఇంటి బాల్కనీలో కూర్చుని, మా ఆవిడ ఊలు ఉండలోంచి లేత గోధుమరంగు పోగు తెంచుకుని ఈగలు కట్టాను. అచ్చం తడిసిన రొట్టె ముక్కల్లా వచ్చాయి. శుక్రవారం నీళ్లింకా చల్లగా ఉండగానే మొదలుపెట్టాం. అతను రొట్టె ముక్కలు చల్లేవాడు, వాటి మధ్యలో నా ఈగ వాలేది. తగిలిన చేపను వెంటనే ఒడ్డుకు లాగేవాణ్ణి, అతను బకెట్లో వేసుకుని తొట్టి వైపు పరుగెత్తేవాడు. ఎండ ముదరగానే ఆపేవాళ్లం. మళ్లీ శనివారం పొద్దున్నే.

చివరికి కఫీల్ ఒక్కటే మిగిలింది. దానికి నీళ్లు వీపు వరకే ఉన్నాయి. రొట్టె తింటుంది, ఈగను మాత్రం ముట్టదు.

"ఊకె కఫీల్ అనలే సారూ. కాయితం సూడంది సంతకం పెట్టడు!"

ఇద్దరం నవ్వాం కానీ అతని కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి. రొట్టె చల్లడం ఆపమన్నాను. కాసేపు కుంట నిశ్శబ్దంగా ఉంది. ఒక్క ఈగను వాల్చాను. వచ్చింది, అందుకుంది. తీరా ఒడ్డు దాకా తెచ్చాక కొక్కెం జారిపోయింది. అతను బురదలో బోర్లాపడి, భుజం మీది తువ్వాలతో దాన్ని ఒడిసిపట్టి గుండెకు అదుముకున్నాడు. అలాగే తొట్టి దాకా పరుగు తీశాడు.

"ఖలాస్ సారూ, అన్ని చేరినయ్!" అన్నాడు, మొహమంతా బురదతో.

ఇప్పుడూ శుక్రవారాలు వెళ్తున్నాను, గాలం లేకుండా. చాయ్ తాగి, అతను తుంచి ఇచ్చిన రొట్టె తొట్టిలో వేస్తాను. మొదటి ముక్క కఫీల్‌దే. ఈ ఎడారి దీవిలో నాకు ఒక నీటి చోటును, అక్కడ కూర్చోవడానికి ఒక తోడునూ ఇచ్చిపోయిన ఆ పెద్దాయన అప్పుడు గుర్తుకొస్తాడు.

"మళ్ల చేపలెప్పుడు పడ్తవ్ సారూ?"

"వాన పడనీ."

"పడ్తది తియ్. రొట్టె ఎయ్, అండ్ల కఫీల్ ఎదురుచూస్తుండు."