గొట్టం మూయొద్దన్న మనిషి

మేస్త్రిగారు పోయారు. గురువారం పొద్దున రావులపాలెం సెంటర్లో పైపులు అమ్మే కొట్టాయన ఫోన్ చేసి చెప్పాడు. వడదెబ్బట. రెండు రోజులు ఒళ్లు కాలిపోయిందట, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే మాట పడిపోయిందట. ఇంత ఎండలో ఎక్కడ తిరిగారని అడిగాను. ఎవరూ పిలవకపోయినా డాబాలు ఎక్కి చూసుకుంటూ తిరిగారట, అంతకుమించి తనకు తెలియదన్నాడు. నాకు తెలుసు. ఆయన ఏ డాబాలు ఎక్కారో, ఎందుకు ఎక్కారో, ఆయన్ని ఎవరూ ఎందుకు పిలవడం లేదో ఈ ఊళ్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఎండకి నీళ్లు కాగే సోలార్ హీటర్లు డాబాల మీద బిగించే పనివాడు. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. పాత మోపెడ్ మీద, వెనకాల పనిముట్ల సంచి కట్టుకుని గోదావరి వంతెన దాటి వచ్చేవారు. మా వీధిలో మొదటి హీటరు మా ఇంటి మీదే పెట్టారు.

అంతకుముందు మాకు బకెట్లో వేసే కరెంటు రాడ్డు ఉండేది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఏ కాలమైనా వేణ్ణీళ్లు పడాల్సిందే. ఒకరోజు స్విచ్ కట్టేయకుండానే, కాగాయో లేదోనని నీళ్లలో వేలు పెట్టి చూశారు. షాకు కొట్టి గోడకి విసిరేసింది, ఏ పుణ్యమో బతికారు. మర్నాడే మావారు రాడ్డు తీసి బయట పారేసి, నెత్తి మీద ఇంత ఎండ పెట్టుకుని మనకీ ఖర్మ ఏంటని మేస్త్రిగారిని పిలిపించారు. ఇక భయం లేదనుకున్నాం. ఆయన మాత్రం అలా అనుకోలేదు.

పని అయ్యాక నన్ను డాబా మీదకి పిలిచి, మండుటెండలో నిలబెట్టి పాఠం చెప్పారు. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు! నీడలోకి రండి, కూర్చుని మాట్లాడుకుందామంటే ఒప్పుకోలేదు. అదిగో చల్లనీళ్లు వచ్చే గొట్టం, వేడినీళ్లు వెనక్కి పోకుండా దానికి వాల్వు పెట్టాను, కాబట్టి ఆవిరి బయటికి పోవడానికి, నీళ్లు కాగే పెట్టె మీద లేచి ఉన్న ఈ చిన్న గొట్టం ఒక్కటే దారి అన్నారు. దాని మూతి చుట్టూ ఎర్ర రంగు పూశారు. అప్పుడు ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఎండని తక్కువగా చూడకండమ్మా. రాడ్డయితే స్విచ్ ఆపేస్తారు. దీనికి స్విచ్ లేదు. మీరు నీళ్లు వాడుకున్నా మానేసినా అది కాస్తానే ఉంటుంది. ఈ గొట్టం మాత్రం ఎప్పుడూ మూయొద్దండి."

ఏటా శివరాత్రి వెళ్లగానే పిలవకుండానే వచ్చేవారు. చెప్పులు మెట్ల కింద విడిచి, కాళ్లు కాలుతున్నా ఉత్తకాళ్లతోనే పైకెక్కేవారు. ముందు పెట్టెకి చెవి ఆనించి కాసేపు కదలకుండా నిలబడేవారు. తర్వాత గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసేవారు. కాఫీ తాగరు, మజ్జిగ ఇస్తే తాగి గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లేవారు. ఎలా ఉందండీ అంటే ఒక్కటే జవాబు, "ఇవాళ్టికి బాగానే ఉందండి." రేపటి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మావారు ఆయనకి అపశకునం మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరు వీధంతా పాకింది. ఆయన చెవిన కూడా పడింది, నవ్వి ఊరుకున్నారు.

అయినా ఆయన మాట మీద నమ్మకం ఉండబట్టే రెండేళ్లలో మా వీధిలో తొమ్మిది డాబాల మీదకి హీటర్లు ఎక్కాయి. ఆ ఇళ్లన్నీ తన సొంతమైనట్టు చూసుకునేవారు.

ఇక నా నిర్వాకం చెబుతాను. వేసవిలో మాగాయ పెట్టడం తెలిసినవాళ్లకి వివరం అక్కర్లేదు. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు పిండి, డాబా మీద పాత చీర పరిచి ఎండబెడతాం. ఆ ముక్కల మీద ఒక్క చుక్క నీళ్లు పడ్డా బూజు పడుతుంది, ఏడాది ఊరగాయ పెంట పాలవుతుంది. మా డాబాకి కొబ్బరిచెట్ల నీడ పడని మూల ఒకటే, హీటరు ఉన్న మూల. ఎండాకాలంలో నీళ్లు సలసల మరిగి, ఆ చిన్న గొట్టంలోంచి ఆవిరితో పాటు చుక్కలు చింది ముక్కల మీద పడేవి. ఒక ఏడు జాడీ మొత్తం బూజు పట్టింది. మా అత్తగారు నెలరోజులు నా మొహం చూసినప్పుడల్లా జాడీ మాటే ఎత్తారు.

తరవాతి ఏడు నేను జామకర్ర ముక్క చెక్కి, పసుపంటిన గుడ్డ చుట్టి, ఆ గొట్టంలో దూర్చి, పచ్చడిబండతో నాలుగు దెబ్బలు కొట్టి బిగించాను. ఎర్ర రంగు నా కళ్ల ముందే ఉంది. ముక్కలు ఎండే నాలుగు రోజులే కదా, తరవాత తీసేద్దామనుకున్నాను. ముక్కలు ఎండాయి, మాగాయ కలిపాను, జాడీకి వాసెన కట్టాను. కర్రముక్క మాట మర్చిపోయాను.

మా అత్తగారు రోజూ నీళ్లు వాడుకుంటున్నంతకాలం ఏమీ కాలేదు. పట్టిసీమలో మా ఆడపడుచుగారింట్లో గృహప్రవేశమని ఇల్లు తాళం పెట్టి అందరం రెండు రోజులు వెళ్లాం. రెండోరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా పక్కింటాయన ఫోన్ చేశారు. మా పెట్టె పగిలింది. ఆ సమయానికి వాళ్ల కోడలు పిట్టగోడ పక్కన ఆరేసిన బట్టలు తీస్తోంది. సలసల కాగిన నీళ్లు ఎగిరి ఆ పిల్ల కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా కాల్చేశాయి. ఆ పిల్లకి అప్పుడు ఏడో నెల.

మేం వచ్చేసరికి వీధంతా మా గుమ్మం ముందే ఉంది. మేస్త్రిగారిని కూడా పిలిపించారు. ఆయన నేరుగా పైకెక్కారు, వెనకాలే నేను వెళ్లాను. పెట్టె పొట్ట పగిలి రేకు బయటికి విచ్చుకుని ఉంది. ఆయన దాన్ని చూడలేదు. సూటిగా గొట్టం దగ్గరికి వెళ్లి, పటకారుతో కర్రముక్క లాగారు. పసుపు మరకల గుడ్డ చూశారు. నా వైపు చూశారు. దాన్ని సంచిలో వేసుకుని దిగి వెళ్లారు.

కింద పక్కింటి అబ్బాయి ఆయన చొక్కా పట్టుకున్నాడు. మేస్త్రిగారు విడిపించుకోలేదు. "అతుకు వదిలేసిందండి. నా పనిలోదే లోపం," అన్నారు అందరికీ వినబడేలా. నేను ఆఖరి మెట్టు మీద నిలబడి ఉన్నాను. ఇంకొక్క మెట్టు దిగి నిజం చెబితే సరిపోయేది. దిగలేదు. భయమేసింది, సిగ్గేసింది, ఆ అబ్బాయి కోపం మా మీదకి తిరుగుతుందేమోనని పిరికితనం పట్టుకుంది.

వారం తరవాత కొత్త పెట్టె బిగించడానికి వచ్చినప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగాను, ఎందుకండీ మీ మీద వేసుకున్నారని. ఆయన నేల చూస్తూ చెప్పారు.

"మీరు ఈ వీధిలోనే బతకాలి కదమ్మా. నేను సాయంత్రానికి వెళ్లిపోయేవాణ్ణి."

అంతటితో ఊరుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వెళ్లేటప్పుడు మోపెడ్ స్టార్ట్ చేసి మళ్లీ ఆపారు. "మిగతా వాళ్లకి మాత్రం మీరే చెప్పండి, గొట్టం మూయొద్దని. నేను చెబితే ఇంక వినరండి," అన్నారు. చెబుతానన్నాను. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ఇవాళ కాదు రేపనుకున్నాను. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందంటే, మా వీధివాళ్లు నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. తప్పు అతుకుదని అందరూ నమ్మారు. నలుగురు హీటర్లు తీయించేసి కరెంటు గీజర్లకి పోయారు. మిగిలినవాళ్లు వేరే మనుషుల చేత అతుకులు మందంగా వేయించుకుని, ఇక ఏం కాదని ధైర్యంగా ఉన్నారు. వాళ్ల డాబాల మీదా వడియాలు ఎండుతాయి, అప్పడాలు ఎండుతాయి, ఊరమిరపకాయలు ఎండుతాయి. చుక్కలు పడుతున్నాయని ఒక్కొక్కరే గొట్టాలు మూయడం మొదలుపెట్టారు. మేస్త్రిగారు వచ్చి బతిమాలితే గేటు దగ్గరే సరే సరే అని పంపించేసేవారు. ఒకావిడ మొహం మీదే అందట, పగిలే పెట్టెలు అమ్మి మళ్లీ నీతులా అని. మా వీధి పేరు చెప్పి పక్క ఊళ్లలో కూడా ఆయన్ని పిలవడం మానేశారు. ఇంత జరుగుతున్నా ఆయన నిజం బయటపెట్టలేదు, నేనూ పెట్టలేదు.

ఆయన పోవడానికి పది రోజుల ముందు ఆఖరిసారి వచ్చారు. చిక్కిపోయారు, మెడ నరాలు కనబడుతున్నాయి. మా పెట్టెకి చెవి ఆనించి, ఇవాళ్టికి బాగానే ఉందన్నారు. మజ్జిగ తాగి, గ్లాసు కడగడానికి లేవబోయి తూలారు. నేను అందుకోబోతే వద్దన్నారు. వీధిలో ఇంకా నాలుగు మూసి ఉన్నాయని, ఈ ఏడు ఎండ మామూలుగా లేదని, ఇళ్లు తాళాలు పెట్టి పెళ్లిళ్లకి వెళ్లే రోజులని చెప్పారు. ఈసారైనా చెప్పండమ్మా అని అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో. ఆ తరవాతే ఆయన ఊరూరా తను బిగించిన డాబాలన్నీ ఎక్కి, మనుషులు లేనప్పుడు గొట్టాలు చూసుకున్నారని, కొన్నిచోట్ల దొంగ అనుకుని కసిరి దింపేశారని మేస్త్రిగారి భార్య చెబితే విన్నాను.

నిన్న వాళ్లింటికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పక్కింటికి వెళ్లి, ఆ కోడలు కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. జామకర్ర, పచ్చడిబండ, అన్నీ. ఆ పిల్ల కుడిచేతి మీద ముడుచుకుపోయిన చర్మాన్ని ఎడమచేత్తో రాసుకుంటూ కూర్చుంది.

"మా ఆయన చొక్కా పట్టుకున్నప్పుడు మీరు చూస్తానే ఉన్నారు కదండీ," అంది చివరికి.

అవునన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పదిహేనేళ్ల ఇరుగుపొరుగు అక్కడితో తెగిందేమో. తెగితే నేను చేసుకున్నదే.

ఇవాళ పొద్దున ఇల్లిల్లూ తిరిగాను. మూడిళ్ల వాళ్లు నా మాట విని, నన్ను నాలుగు మాటలు అని, డాబా ఎక్కి గొట్టాలు తెరిచారు. ఒకదాంట్లోంచి బిరడా తీయగానే బుసబుసమంటూ ఆవిరి కొట్టింది, ఆ ఇంటాయన మొహం పాలిపోయింది. మేస్త్రిగారు పోయారటగా, ఇప్పుడు ఎవరిని పిలవాలండీ అని అడిగాడు. నాకేం తెలుసు!

నాలుగోది వీధి చివరి ఇల్లు. గేటుకి తాళం. అందరూ కలిసి అన్నవరంలో పెళ్లికి వెళ్లారట, నాలుగు రోజులైందట. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. తాళం పగలగొట్టడానికి మావారు మనిషి కోసం వెళ్లారు. మా డాబా మీద నుంచి చూస్తే వాళ్ల పెట్టె కనబడుతోంది. గొట్టం మూతికి ఎవరో సైకిల్ ట్యూబు ముక్క మడిచి తొడిగి, తీగతో నాలుగు చుట్లు బిగించారు. అది బాగా ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. టైము ఇంకా పదిన్నర కూడా కాలేదు.