ఆ మెయిల్ రాసింది ప్రోగ్రాం కాదు

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడరు. చెప్పులో దూరిన గులకరాయిలా ఉంటుంది నాకు. నడక ఆపదు, మరిచిపోనూ ఇవ్వదు.

ఇంకో సిగ్గుమాలిన మాట కూడా ముందే చెప్పేస్తాను. ఆ తప్పు మొదలైన రోజు నా జీవితంలోకెల్లా ఆనందంగా గడిచిన రోజు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఏం చెయ్యను?

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. పేలుడు శబ్దానికి మా ఆఫీసు కిటికీలు గడగడలాడేవి, మేం చప్పట్లు కొట్టేవాళ్లం! అంత పిచ్చి ఉత్సాహం. భీమవరం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం మాది. ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకది మొదటి ఉద్యోగం.

అక్కడే రజిత ఉండేది. రాయదుర్గం అమ్మాయి, నాకన్నా చిన్నది. తండ్రి క్వారీలో రాళ్లు కొట్టేవాడు. వాళ్లింట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి తనే. మా వాళ్లు కస్టమర్‌తో మీటింగ్ ముగించుకుని రాగానే ఏం మాట్లాడుకున్నారో అడిగి తెలుసుకుని, ఆ కస్టమర్‌కు చక్కటి మెయిల్ ఒకటి పంపేది. తర్వాత కంప్యూటర్‌లో అతని వివరాలు సరిచేసేది. ఎప్పుడూ గలగలా మాట్లాడుతూనే ఉండేది. నన్ను అక్కా అనేది. ప్రోగ్రాములు రాయడం నేర్పమని వెంటపడేది. నేర్పుతానని మాటిచ్చాను.

ఆ పనంతా తనంతట తానే చేసే ప్రోగ్రాం రాయాలని నాకు పట్టుకుంది. మీటింగ్ అయ్యాక నాలుగు ముక్కలు టైపు కొడితే చాలు, వివరాలు వాటంతటవే మారాలి, మెయిల్ దానంతటదే వెళ్లాలి. మొదటిసారి తెర మీద కస్టమర్ వివరాలు నా చెయ్యి పడకుండానే మారినప్పుడు కుర్చీలోంచి లేచి ఎగిరాను. పక్కనే ఉన్న రజిత కూడా ఎగిరింది. అది ఆమె పని అని అప్పుడు నాకు తట్టలేదా? తట్టే ఉంటుంది. ఆ సంతోషంలో ఆ ఆలోచనను పక్కకు నెట్టేసి ఉంటాను.

ప్రోగ్రాం కొనడానికి బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆ పూటే మెయిల్ రాసే భాగం మొరాయించింది. నొక్కితే చాలు, తెర బిగుసుకుపోతోంది. నాకు చెమటలు పట్టాయి. రజిత నవ్వింది. "ఫికర్ జెయ్యకు అక్కా. పక్క రూంల నేను కూసుంట. నువ్వు గక్కడ బటన్ ఒత్తు, నేను గిక్కడ రాసి పంపిస్త. మిషినే పంపిందనుకుంటరు." ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

మీటింగ్ మొదలైంది. పాపం, ఆ పెద్దమనిషికి గొంతు బొంగురుపోయి ఉంది. అయినా ఆపకుండా మాట్లాడాడు. అద్దం తలుపు సందులోంచి ఆ మాటలన్నీ పక్క గదిలో రజితకు వినిపిస్తూనే ఉన్నాయి. నేను నాలుగు ముక్కలు కొట్టి బటన్ నొక్కాను. వివరాలు మారాయి. అంతవరకూ నిజమే. తర్వాత అందరూ ఆయన ముందున్న తెర వైపే చూస్తున్నారు. రజితా, రాయి తల్లీ, తొందరగా రాయి!

టింగ్ మని మోగింది. వచ్చేసింది!

ఆయన చదివి తలెత్తాడు. "గొంతు బాగాలేకపోయినా మా కోసం ఇంతసేపు మాట్లాడినందుకు కృతజ్ఞతలు" అని ఉందట అందులో. ఆ సంగతి ప్రోగ్రాంకు ఎలా తెలిసిందని అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు. నిజం చెప్పడానికి అదే సమయం. ఇలాంటి సంగతులు కూడా పట్టుకునేలా రాశానని చెప్పాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! చప్పట్లు కొట్టారు. కంపెనీ నడిపే మా సార్ నా భుజం తట్టారు. అద్దం తలుపు వెనక రజిత కూడా చప్పట్లు కొడుతోంది.

ఆ సాయంత్రం మెట్ల మీద మిర్చి బజ్జీలు తింటూ, ఆయన మొహం ఎలా వెలిగిపోయిందో ఒకరికొకరం నటించి చూపించుకున్నాం. అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

తర్వాత ప్రోగ్రాంను నిజంగానే బాగుచేశాను. పొడిపొడి మాటలే అయినా మెయిల్స్ అదే రాసి పంపేది. నాకు పెద్ద హోదా వచ్చింది. ఆ నెలాఖరున సార్ రజితను పిలిచి, ఇక మీ అవసరం లేదమ్మా అన్నారు.

తను తిన్నగా నా దగ్గరకే వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, నిజం జెప్పు. గా దినం మెయిల్ రాసింది నేనని సార్‌కు చెప్పినవా? నేనే పోయి చెప్తుంటి గని, నీకు మాటొస్తదని ఊకున్న."

"చెప్పానే. ఆయన వినలేదు."

చెప్పలేదు. ఆ గది గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

నా చెయ్యి పట్టుకుంది. "గంతే చాలు తియ్. నువ్వన్నా నా దిక్కు నిలవడ్డవ్. ఇగ పరేషాన్ గాకు." సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేర్పుతానన్న పాఠం ఒక్కటీ చెప్పకముందే.

భయపడ్డానా? భయమే అయితే అంత తడుముకోకుండా అబద్ధం ఎందుకు చెప్పాను? సార్‌కు చెప్పకపోవడం పిరికితనం అనుకుందాం. సార్‌కు చెప్పానని ఆమెతో అనడాన్ని ఏమనాలి?

చాలా ఏళ్లకు కూకట్‌పల్లి బజార్లో ఎదురుపడింది. ఏదో దవాఖానలో పనిచేస్తోందట. దూరం నుంచే గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. భర్తను ముందుకు లాగి, "నేను చెప్తుంటనే, గా అక్క ఈమెనే. నా కోసం సార్‌తోని కొట్లాడింది" అంది. ఆయన నాకు రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను.

అప్పటికి నాకు పోయే ఉద్యోగమేమీ లేదు. సార్ ఎక్కడున్నారో కూడా తెలియదు. అయినా నోరు విప్పలేదు. ఆమె నమ్మిన ఆ అక్క నాకు నచ్చింది. ఆ అక్కను పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఇంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు.

రజితను క్షమించమని అడగను. క్షమించడానికి ఆమెకు ఏమీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు. ఇంతకాలం నాకొక్కదానికే తెలిసిన మాట, ఇక ఇద్దరికి తెలుసు. నాకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.