ఈస్టర్ మర్నాడు జగిత్యాల బస్సులో

ఈస్టర్ మర్నాడు కరీంనగర్‌లో జగిత్యాల బస్సెక్కాను. నా పక్కన మెడలో చిన్న సిలువతో ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో పాత చీర గుడ్డల మూట, ఆముదం సీసా. మంత్రసానినని చెప్పింది.

"ఎవరికి అవ్వా కాన్పు?" అని అడిగాను.

"నా కొడుకును సంపినోని పెండ్లానికి."

ఏం జరిగిందని అడిగాను. సొంతూళ్లో పొలం గట్టు తగాదాలో దెబ్బ తగిలి ఆమె కొడుకు చనిపోయాడట; తర్వాత వీళ్లు కరీంనగర్ వచ్చేశారట. కొట్టినవాడు జైల్లో ఉన్నాడు. అప్పటినుంచి ఆ ఊళ్లో ఎవరూ అతని గడప తొక్కడం లేదు. నొప్పులు మొదలయ్యాయని పొద్దున ఈమెకు కబురొచ్చింది.

"మీవాళ్లు వద్దనలేదా?"

"అనకుంటరా? నా పెనిమిటి మాట్లాడుతనే లేడు. నిన్న చర్చిల దేవుడు సావును గెలిసి లేసిండని గొంతెత్తి పాడిన, కొడుకా. ఇయ్యాల ఇంట్ల కూసుంటే నిన్న పాడిందంత అబద్ధమైతది."

"మరి కోపం పోయిందా?"

"యాడ పోయింది? అది గూడ నాతోనే వస్తున్నది."

కొండగట్టు దాటాక ఒక పల్లె దగ్గర బస్సు ఆగింది. ఆమె లేచింది కానీ మెట్టు దగ్గరే నిలబడిపోయింది. కండక్టర్ తొందరపెట్టినా కడ్డీ వదల్లేదు. ఇంతలో రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. ఆమె గబగబా దిగి, ఆ ఇంటి తలుపు తోసి, "భయపడకు బిడ్డా, నేనొచ్చిన" అంటూ లోపలికి పోయింది.

సాయంత్రం తిరుగు బస్సు అక్కడే ఆగింది. తలుపు తీసే ఉంది. గడప లోపల ఆమె పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే, బస్సు లేపిన దుమ్ము పడకుండా బిడ్డ ముఖం మీద కొంగు కప్పింది.