ఎలునెడ్ ఎడమ కాలు

బెథెస్డా అనే కొండ ఊళ్లో చదునైన వీధి ఒక్కటే, అది పెద్ద వీధి. తక్కినవన్నీ ఎక్కేవో దిగేవో. అందుకే ఆ ఊళ్లో కారు నేర్చుకోవడమంటే ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారనివ్వకుండా కదిలించడమే. ఎలునెడ్ ప్రిచర్డ్ ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ విద్య నేర్పుతోంది. "రోడ్డును చూసేది కన్ను, ఇంజన్ని చూసేది ఎడమ పాదం" అని మొదటి రోజే అందరికీ చెబుతుంది.

ఆ ఎడమ కాలి మోకాలే ఈ చలికాలంలో మొరాయించింది. లోపలి గుజ్జు అరిగిపోయిందనీ, ఆపరేషనుకు ఏడాదిన్నర వేచి ఉండాలనీ, అంతవరకు ఆ కాలితో క్లచ్ తొక్కవద్దనీ డాక్టరు చెప్పాడు. నేర్పేవాళ్ల వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కాల్సింది ఆమే. తొక్కలేనప్పుడు నేర్పకూడదు. నేర్పకపోతే పొద్దున్నే లేచి ఏం చేయాలో ఎలునెడ్‌కు తెలియదు.

ఆమె తండ్రి పలకరాతి గనిలో లారీ నడిపేవాడు. చిన్నప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకోమని, గేరు ఎప్పుడు మార్చాలో ఇంజన్ గొంతును బట్టి చెప్పమనేవాడు. ఆలస్యమైతే "ఇంజన్ అలా ఏడుస్తుంటే నీకు వినపడటం లేదటే?" అని గదిమేవాడు. ఇరవై ఎనిమిదో ఏట ఆమె కారుకు బోర్డు కట్టినప్పుడు ఆడదాని దగ్గర మనం నేర్చుకునేదేమిటని మగవాళ్లు రాలేదు. వాళ్ల భార్యలు వచ్చారు. ఆ భార్యలు ఒక్కసారికే పాసవడం చూసి మగవాళ్లు నోరు మూసుకుని కొడుకులను పంపారు.

క్లచ్ లేని ఆటోమేటిక్ కారులో పరీక్ష పాసైనవాళ్లు ఆటోమేటిక్ మాత్రమే నడపాలని అక్కడి చట్టం. దాన్ని ఎలునెడ్ సగం లైసెన్సు అనేది. అది నేర్పమని అడిగినవాళ్లను బస్సు పాసు కొనుక్కోమని పంపేసేది.

మోకాలి సంగతి తెలిసి, కార్ల షెడ్డు నడిపే తమ్ముడు ఇద్వల్ వచ్చాడు.

"అక్కా, నా దగ్గరో చిన్న ఆటోమేటిక్ అమ్మకానికుంది. నీ వైపు బ్రేకు బిగించి ఇస్తా."

"దాన్ని కారంటారట్రా? ప్లాస్టిక్ బొమ్మ."

"నీకు పెట్టబోయే మోకాలూ ప్లాస్టిక్కేగా. జోడీ కుదురుతుందిలే."

ఆమె టీ కప్పు తీసుకుపోయి గిన్నెలు కడిగే తొట్టిలో ఠక్కున పెట్టింది. అంటే ఇక వెళ్లిరమ్మని.

డాక్టరు వద్దన్నా ఎలునెడ్ పాఠాలు ఆపలేదు. అప్పుడు ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో మాబ్లి అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి ఉంది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లకు స్నానం చేయించి, మందులు వేసే ఉద్యోగం. బస్సులు పోని ఇళ్లకూ వెళ్లాలి కాబట్టి ఈస్టరులోగా లైసెన్సు తెచ్చుకోమన్నారు. పరీక్ష మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ ఎత్తు మీదే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ప్రార్థనామందిరం పక్క ఎత్తు మీద మాబ్లి కారు మళ్లీ ఆగిపోయింది. వెనక టపా వ్యాను వచ్చి నిలబడింది. మాబ్లి ఇంజన్ మళ్లీ స్టార్టు చేయకుండా అద్దంలో వ్యానునే చూస్తుంటే, "లే తల్లీ, నేను ఎక్కించి చూపిస్తా" అని ఎలునెడ్ డ్రైవరు సీట్లోకి మారింది. క్లచ్ తొక్కింది. సగం వదిలేసరికి మోకాలు గడగడలాడి పాదం జారిపోయింది. ఇంజన్ ఆగి కారు వెనక్కి కదిలింది. కుడికాలితో బ్రేకు పట్టింది కానీ, అప్పటికే గజం దూరం జారింది.

వ్యానులోంచి టపా మనిషి గెథిన్ తల బయటపెట్టాడు. అతనూ ఆమె దగ్గర నేర్చుకున్నవాడే.

"ఏంటి మాబ్లీ, వ్యానును ముద్దు పెట్టుకుందామనా? దానికి పెళ్లయిపోయింది!"

ఆ తర్వాత స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూశాడు. నవ్వు మింగేసి దిగి వచ్చి, ఆమె కారును పైకి ఎక్కించి పెట్టి వెళ్లిపోయాడు. అతను ఇంకో రెండు జోకులు వేసి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

మరుసటి వారం ఇద్వల్ అమ్ముతానన్న కారులో అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చి, మాబ్లి ఇంటి ముందు ఆపి, దిగి వెళ్లిపోయాడు. మాబ్లి ఎక్కలేదు.

"సగం లైసెన్సని మీరే కదా ఆంటీ అన్నది. నాకు ఇంతకంటే రాదని తేల్చేశారా?"

"నీకు రాదని కాదే. నాకు కాలు రావడం లేదు. ఎక్కు, ముందు నేనే నడుపుతా."

మొదటి మలుపు దగ్గర వేగం తగ్గించబోతే, ఎలునెడ్ ఎడమ కాలు తన అలవాటు చొప్పున లేచి క్లచ్ ఉండాల్సిన చోట బలంగా తొక్కింది. అక్కడ ఉన్నది వెడల్పాటి బ్రేకు. కారు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. మాబ్లి ఒళ్లోని సంచి ఎగిరి కాళ్ల దగ్గర పడింది. రెండో మలుపు దగ్గరా అదే జరిగింది. మాబ్లి నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. ఎలునెడ్ ముఖం ఎర్రబడింది.

"ఆంటీ, మా ముసలివాళ్లకు నేనో మాట చెబుతుంటా. నొప్పి కాలికి పని చెప్పొద్దు, చోటు చూపించండి అని. దాన్ని సీటు కిందికి లాక్కుని అక్కడే ఉండమనండి."

లాక్కుంది. మూడో మలుపు సాఫీగా తిరిగింది. ప్రార్థనామందిరం పక్క ఎత్తు మీద ఆపి బ్రేకు వదిలి, మెల్లగా పెడలు నొక్కితే కారు చడీచప్పుడు లేకుండా పైకి పోయింది. ఇంజన్ ఆమెను ఏమీ అడగలేదు. పెళ్లయి వెళ్లిపోయిన కూతురి గదిలో నిలబడినట్టు అనిపించింది ఎలునెడ్‌కు.

సీట్లు మారాక ఇంకో సంగతి గమనించింది. సందు మలుపులో పసిపిల్ల బండి తోసుకుంటూ వస్తున్న తల్లిని ఆమెకంటే ముందు మాబ్లి చూసి వేగం తగ్గించింది. అద్దాలు చూసింది, సైకిలు వాడికి చోటిచ్చింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల చూపంతా కాలి దగ్గరే ఉండిపోయింది. దాన్ని అక్కడ కట్టేసింది ఎవరో ఎలునెడ్‌కు అర్థమైంది.

ఈస్టరుకు తొమ్మిది రోజుల ముందు మాబ్లి పక్క పట్నం బాంగోర్‌లో పరీక్ష పాసైంది.

ఆ సాయంత్రమే రొన్వెన్ ఫోను చేసింది. ఇరవై ఏళ్ల కిందట ఎలునెడ్ దగ్గర నేర్చుకుని, ఇప్పుడు కొండ అవతల గొర్రెలు పెంచుకుంటున్న మనిషి. వాళ్ల అమ్మాయికి పదిహేడు నిండాయట, ఇక కారు నేర్చుకోవచ్చట.

"గేర్ల బండే నేర్పాలి ఆంటీ. మా పాత జీపు నడపాలిగా."

ఎలునెడ్ ఎడమ కాలిని కుర్చీ కిందికి లాక్కుంది. "గేర్లు మానేశానే. ఇక నేను ఆటోమేటిక్ ఒక్కటే నేర్పుతా."

"మీరా? మరి గేర్లు ఎవరు నేర్పుతారు?"

"నువ్వు నేర్పు. నీకు బాగా వచ్చు, నాకు తెలుసు. మీ పొలంలో మొదలుపెట్టు. అరవకు. ఇంకో మాట. పిల్ల తప్పు చేసినప్పుడల్లా నీ కాలు పోయి తొక్కబోతుంది. నీ వైపు తొక్కడానికి ఏమీ ఉండదు. ఓర్చుకుని కూర్చో."