మడమ తిప్పితేనే దిగేది

నా పాదాలు పెద్దవి. ఉదయగిరి స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరిన నాటి నుంచీ మగవాళ్ళ ఎనిమిదో నంబరు చెప్పులే వేసుకునేదాన్ని. మా ఆయనది ఏడు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు వాకిట్లో విడిచిన చెప్పులు చూసి, ఏవి ఎవరివో రెండుసార్లు అడిగింది.

తొంభైల్లో ఒక ఏడాది, ఆసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పడానికి ఒక దొరసాని వచ్చింది. నలభై దాటిన మనిషి, బాగా పొడగరి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఆమె నా చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు నడిచి, తనవి కావని తెలుసుకుని వెనక్కి వచ్చింది. నా కాళ్ళకేసి చూసింది. తన కాళ్ళకేసి చూసుకుంది. ఇద్దరం అక్కడే నవ్వడం మొదలుపెట్టాం. ఆమెకు తెలుగు రాదు, నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా స్నేహం కుదిరింది.

నాలాగే ఆమె కూడా సైకిలు తొక్కేది. తన దేశం నుంచి సైకిలంతా తెచ్చుకోలేక, పెడళ్ళూ వాటికి సరిపడే బూట్లూ మాత్రం పెట్టెలో వేసుకొచ్చి ఇక్కడి సైకిలుకు బిగించుకుంది. వెళ్ళిపోయే ముందురోజు ఆ రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. బూటు అడుగున చిన్న ఇనప బిళ్ళ ఉంది. పెడలుకు స్ప్రింగుతో నోరులాంటిది ఉంది. బిళ్ళను దాని మీద పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. కాలు పైకి లాగినా రాదు. మడమను బయటికి తిప్పితేనే వదులుతుంది. ఆమె గోడ పట్టుకుని పదిసార్లు చూపించింది. నేను పదిసార్లు తల ఊపాను. నాకప్పుడు యాభై రెండేళ్ళు. పదహారేళ్ళప్పటి నుంచీ సైకిలు తొక్కుతున్నదాన్ని, నాకు తెలియనిదేముంటుందని నా ధీమా.

సైకిలు షాపాయన పాతవి విప్పి వాటిని బిగించాడు. "మర సరిగ్గా కూచున్నాది టీచరమ్మా" అన్నాడు. తర్వాత అటూ ఇటూ తిప్పి చూసి, "చెప్పులతో తొక్కాలంటే ఎట్టా?" అని అడిగాడు.

"తొక్కలేరు. ఈ బూట్లుండాల్సిందే."

"అయితే దీన్ని ఎవురూ ఎత్తుకపోరు" అన్నాడు తృప్తిగా.

బూట్లు తొడుక్కుని, పైట బొడ్లో దోపుకుని, షాపు గోడ పట్టుకుని ఎక్కాను. కుడి కాలు టక్. గోడ వదిలాను. ఎడమ కాలు టక్. ఇక ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ముప్పై ఆరేళ్ళుగా నా కాలు కిందికి తొక్కేటప్పుడే పని చేసింది, పైకి వచ్చేటప్పుడు ఊరికే వచ్చింది. ఇప్పుడు ఒక కాలు తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది. సైకిలు నా కింద లేదు, నాలోనే ఉంది. పాత ఇనప లేడీస్ సైకిలు దూడలా ఉరికింది. ఎవరూ చూడకుండా నవ్వుకుందామనుకున్నాను గానీ, పళ్ళు బయటపడిపోయాయి.

బస్టాండు దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. సైకిలు ఆగింది. ఒక్క క్షణం నిటారుగా, కదలకుండా నిలబడ్డాను. కాలు కింద పెడదామని చూశాను. రాలేదు. రెండోది కూడా రాలేదు. అప్పుడు, ఏ తొందరా లేకుండా, ఎడమవైపుకు ఒరగడం మొదలుపెట్టాను. ఒరిగేటప్పుడు చాలా విషయాలు ఆలోచించే వ్యవధి దొరికింది, మడమ సంగతి ఒక్కటి తప్ప.

బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని లేపారు. నాతోపాటు సైకిలూ లేచింది. వాళ్ళు భయపడి వదిలేశారు. మళ్ళీ ఇద్దరం పడ్డాం, నేనూ సైకిలూ.

టీకొట్టు ఆయన గ్లాసు తుడుస్తూ చూస్తున్నాడు. "సైకిలు పోతా ఉంటే పడేవాళ్ళను చూసినాను. ఆగినాక పడినోళ్ళను ఇదే చూడ్డం" అన్నాడు.

ఆ తర్వాత పడింది స్కూలు గేటు లోపల, ప్రార్థన వేళ. మూడువందల మంది పిల్లలు సావధాన్‌లో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు, సరిగ్గా హెడ్మాస్టరు గారి కుర్చీకి ఎదురుగా, మళ్ళీ అదే తీరిక పద్ధతిలో ఒరిగిపోయాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. కదిలితే నేనేం చేస్తానో వాళ్ళకు తెలుసు. అన్ని బుగ్గలు ఉబ్బి ఉండడం నేల మీద నుంచి కనిపించింది. ఊపిరాగి పోతారేమోనని, పడుకునే గట్టిగా "విశ్రామ్" అన్నాను. అంతే, మైదానమంతా ఒక్కసారిగా నవ్వు. హెడ్మాస్టరు గారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నాకైతే నవ్వుతో బూటు ఊడదీసుకోవడానికి చేతులు ఆడలేదు.

సాయంత్రం మోచేతికి టింక్చరు రాస్తూ మా ఆయన, "మే, పాత పెడళ్ళు బిగించుకో" అన్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి ఆ ముందు ఏడే రిటైరయ్యాడు.

"బిగించుకోను."

టింక్చరు సీసాకు మూత బిగించాడు. "ఇంతకీ ఎప్పుడు పడతా ఉండావు? ఆగేటప్పుడా, ఆగినాకా?"

"ఆగినాకనే."

"అదే నీ తప్పు. స్టేజీలో బస్సు ఆగినాక సీట్లోనుంచి లేస్తే దిగలేరు. స్టేజీ రాకముందే లేసి తలుపుకాడికి వచ్చి నిలబడాల. ఎన్ని వేలమందికి చెప్పినానో. నా పెళ్ళానికే చెప్పలేదు."

దొరసాని పదిసార్లు చూపించినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది.

మర్నాటి నుంచి తెల్లవారగానే స్కూలు మైదానానికి వెళ్ళేవాళ్ళం. ఆయన పాత విజిలు మెడలో వేసుకొచ్చాడు. నేను చుట్టూ తిరుగుతుంటే మధ్యలో నిలబడి అరిచేవాడు. "వచ్చే స్టేజీ గోలుపోస్టు. దిగేవాళ్ళు ముందుకు రండి." నేను దూరంలోనే ఎడమ మడమ తిప్పేదాన్ని. టక్. విజిలు ఊదేవాడు. ఆగేదాన్ని. కాలు నేల మీద. "రైట్ రైట్." మళ్ళీ బయల్దేరేదాన్ని. గోలుపోస్టు, వేపచెట్టు, నీళ్ళకుండీ, మళ్ళీ గోలుపోస్టు. పొద్దున నడకకొచ్చే పెద్దమనుషులు ఈ సర్వీసు ఎక్కడిదాకా అని అడిగేవాళ్ళు.

నాలుగో రోజున ఆయనే స్టేజీ అయ్యాడు. నీళ్ళకుండీ ముందు నిలబడి చేయి చాపాడు. నేను ఎడమ కాలు విడిపించుకుని, సైకిలును కుడివైపుకు వంచాను. కుడి కాలు ఇంకా పెడల్లోనే ఉంది. నేరుగా ఆయన మీద పడ్డాను. ఆయన కింద, నేను మీద, నా మీద సైకిలు. ఆయన నోట్లో విజిలు ఉంది. నవ్వాపుకోలేక ఊపిరి వదిలినప్పుడల్లా అది పీపీమని మోగింది. అది వినగానే నాకు నవ్వు, నన్ను చూసి ఆయనకు ఇంకా నవ్వు, ఇంకా విజిలు. ముప్పై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం అంత సేపు నేల మీద పడి నవ్వింది లేదు. పెద్దమనుషులు వచ్చి లేపారు.

ఆ తర్వాత నేను పడలేదు.

నెల తిరక్కముందే ఆత్మకూరులో డ్రిల్లు టీచర్ల మీటింగు పడింది. సైకిలు మీద వెళ్తానన్నాను. ఆయన వద్దనలేదు. "ముందు నువ్వు పో, ఎనక నెల్లూరు బస్సులో నేనొస్తా" అన్నాడు. ఆత్మకూరు మీదుగా పోయే ఆ బస్సు డ్రైవరు, ఆయనతో పన్నెండేళ్ళు డ్యూటీ చేసిన మనిషి.

చీకటి విడిచాక బయల్దేరాను. రోడ్డుకు రెండు పక్కలా కందిచేలు, రాళ్ళగుట్టలు. చల్లగాలి. నేను కేకలు వేశానో పాటలు పాడానో, ఎదురొచ్చిన లారీవాళ్ళకే తెలియాలి. సగం దూరం దాటాక ఒక పొడుగాటి ఎత్తు వచ్చింది. మామూలుగా అయితే దిగి నెట్టుకుంటూ పోయేదాన్ని. ఆ రోజు లాగాను, తోశాను, లాగాను. మధ్యలో ఉండగా వెనక మూలుగు వినిపించింది. నెల్లూరు బస్సు. టాపు మీద చింతపండు బస్తాలు, లోపల నిలబడేందుకు కూడా చోటు లేదు. అదీ ఎత్తు ఎక్కలేక పాకుతోంది. నా పక్కకు వచ్చింది. ముందుకు పోలేకపోయింది.

ఫుట్‌బోర్డు మీద మా ఆయన. "ఏంది మే, సీటు కావాల్నా?"

"నాకుండాది. నీకే లేనట్టుంది."

కిటికీల నిండా తలకాయలు. ఒక ముసలావిడ నాకు దోసకాయ ముక్క అందించింది. తీసుకోవడానికి చేయి వదల్లేక నోరు తెరిచాను. నోట్లోనే పెట్టింది. డ్రైవరు గేరు మార్చాడు, నేను లేచి నిలబడి తొక్కాను. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, తొడలు మండుతున్నాయి, నోట్లో దోసకాయ, కళ్ళలో నవ్వుకు నీళ్ళు. బస్సంతా "రైట్ రైట్" అని అరుస్తోంది. ఎత్తు మీదికి సరిసమానంగా చేరాం. అవతలి వాలులో బస్సు దూసుకుపోయింది. మా ఆయన చెయ్యి చాలాసేపు ఊగుతూ కనిపించింది.

నేను ఆత్మకూరు బస్టాండు చేరేసరికి ఆయన దిగి, కనబడిన వాళ్ళందరికీ కథంతా చెప్పి ఉంచాడు. పాతికమంది టీకొట్టు ముందు ఎదురుచూస్తున్నారు. ఆయన విజిలు నోట్లో పెట్టుకునే లోపే నా మడమ తిరిగింది. ఆగాను. ఎడమ కాలు నేల మీద ఆనింది. ఏమీ జరగలేదు.

"పడతాదంటివే" అన్నాడొకాయన నిరాశగా.

"అది పోయిన నెల మాట" అన్నాడు మా ఆయన.

మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తు లేదు. నేను సిమెంటు గచ్చు మీద నడిచినప్పుడల్లా బూట్లు టకటకమన్నాయి, అందరూ తలలు తిప్పి చూశారు, అది గుర్తుంది. తిరుగు ప్రయాణంలో సైకిలు బస్సు టాపు మీదికి ఎక్కింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన చోటున్నా మా ఆయన కూర్చోలేదు. కొత్త కండక్టరుకు చిల్లర ఎలా దాచుకోవాలో చెబుతూ దారంతా నిలబడే ఉన్నాడు. నేను వేరుశెనక్కాయలు ఒలిచి అప్పుడప్పుడూ ఆయన చేతిలో పెట్టాను. కింద, సీటు అడుగున, నా రెండు కాళ్ళూ నా మాట వినకుండా చిన్నగా తొక్కుతూనే ఉన్నాయి.