బావగారి మైకు కట్టేసిన రోజు

మొన్న ఆదివారం పొద్దున నేను పెసరట్టు తిరగేస్తూ ఉండగా, మా ఆయన ఫోనులోంచి మా బావగారి గొంతు ఏడు నిమిషాలపాటు ఎక్కడా ఊపిరి తీసుకోకుండా వినిపించింది. రామచంద్రపురంలో ఒకప్పుడు మాకున్న ఇంటర్నెట్ సెంటరులో ఆటలాడుకున్న కుర్రాళ్ళు, ఇప్పుడు బట్టతలలు వచ్చి పెద్దమనుషులైనవాళ్ళు, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మా ఇంటిల్లిపాదినీ అందులో చేర్చారు. అందులో ఎవరో సెంటరు పాత ఫోటో పెట్టగానే బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, చుట్టుపక్కల ఎవరూ ఎరగని రోజుల్లో వాయిస్ చాట్ సర్వరు తానొక్కరే ఎంత కష్టపడి పెట్టారో వర్ణించి, చివరికి పెద్దమనసు చేసుకుని, "మా మరదలు కూడా పాపం, అందరికీ టీలందించి బాగా సహకరించిందండి" అని ముగించారు.

అట్టు మాడిపోయింది. ఆ సెంటరులో నేను ఒక్కనాడు కూడా టీ పెట్టి ఎరగను. టీ ఎదురు కొట్టునుంచి వచ్చేది. సర్వరు పెట్టింది నేను.

నా ఈడువాళ్ళకు ఆ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గూళ్ళు, గూటికో కంప్యూటరు, ఫాను తిరుగుతున్నా ఆరని చెమట, రిజల్ట్సు చూసుకుందామని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయే ఆడపిల్లలు. ఆగిపోక ఏం చేస్తారు? లోపల అయిదుగురు ఒక జట్టు, అయిదుగురు ఒక జట్టుగా తుపాకులతో కాల్చుకునే ఆట ఆడుతూ, ఎవరెక్కడ దాక్కున్నారో కేకలు వేసుకునేవాళ్ళు. కేక పక్క గూటిలోని శత్రువుకూ వినిపించేది కాబట్టి ఎత్తు పారేది కాదు, పారలేదని బూతులు, ఆ బూతులు విని ఆడపిల్లలు వెనక్కి. నేను బీయస్సీ కంప్యూటర్స్ చదివింది కౌంటరులో కూర్చుని ఈ సంత చూడడానికా అని ఒళ్ళు మండి, వెనకగదిలో మూలపడి ఉన్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి, ఉచితంగా దొరికే సర్వరు ప్రోగ్రాము అందులో ఎక్కించి, మాట్లాడుకోవడానికి ఆ సర్వరులోనే జట్టుకో గది చొప్పున రెండు గదులు పెట్టాను. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, మీట నొక్కి మెల్లగా మాట్లాడితే తన జట్టుకు మాత్రమే వినిపిస్తుంది. ఆ పాత కంప్యూటరుకి సత్తువ చాలదు కాబట్టి ధ్వని నాణ్యత అడుగుకి దించాల్సి వచ్చి, అందరి గొంతులూ బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టే ఉండేవి. అయినా సెంటరులో మొదటిసారి నిశ్శబ్దం వచ్చింది.

తరవాత రాజమండ్రిలో ఇంకో సెంటరువాళ్ళు కూడా మా సర్వరులోకి వచ్చి మా వాళ్ళతో పోటీపడేవారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా ఇంటర్నెట్ కనెక్షను నంబరు, అంటే వాళ్ళు మా సర్వరులోకి రావడానికి కొట్టాల్సిన అడ్రసు, మారిపోయేది కాబట్టి, నేను ల్యాండ్‌లైను నుంచి ఫోను చేసి కొత్త అంకెలు చుక్కలతో సహా చదివి వినిపించేదాన్ని. "వారానికి మూడుసార్లు అడ్రసు మారుస్తున్నారేంటండీ మేడమ్ గారూ, అద్దింట్లో ఉంటున్నారా?" అని అక్కడి ఆయన నవ్వేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో కోడళ్ళు బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడడం అలవాటు లేదు. ఉప్పు తక్కువైందన్న మాట కూడా ఆయన మా అత్తగారితో అనాలి, ఆవిడ నాతో అనాలి. అలాంటిది హెడ్‌సెట్టు పెట్టుకోగానే ఆయన, "ఏమ్మా, నా గొంతు వస్తోందా?" అని నేరుగా అడిగేవారు, నేను "వస్తోందండి" అనేదాన్ని. పెళ్ళయిన ఆరేళ్ళకు మా ఇద్దరికీ మాటలు కలిసింది ఆ సర్వరులోనే. అది ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది.

బూతులు మాత్రం మైకులోకి కూడా వచ్చాయి. ఎవరు తిడితే వాళ్ళ మైకు కట్టేస్తానని నేనంటే, బావగారు సెంటరు యజమాని హోదాలో మెచ్చుకుని, "తిట్టినవారి మైకు ఆట ముగియువరకు ఆపివేయబడును, ఎంతటివారైనను" అని తన చేత్తోనే రాసి గోడకు అంటించారు. ఆ 'ఎంతటివారైనను' నేను అడగలేదు. ఆయన సరదాపడి రాసుకున్నదే.

రాజమండ్రి వాళ్ళతో పెద్ద పోటీ పెట్టుకున్న మధ్యాహ్నం బావగారు మా జట్టుకు కెప్టెను, మా ఆయన ఆటగాళ్ళలో ఒకరు. గొంతులు సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసుకోవడానికి నేను కౌంటరులో స్పీకరు పెట్టుకుంటే, అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తూ కొడుకుల గొంతులు వింటున్నారు. సరిగ్గా ఆట సగంలో మా ఆయన పొరపాటున అన్నగారినే కాల్చారు. బావగారు తమ్ముడిని తల్లి పేరెత్తి తిట్టారు. ఎవరి తల్లండీ? చిక్కుళ్ళ బేసిను పక్కన పెట్టి స్పీకరు వంక చూస్తున్న మా అత్తగారు!

నేను గోడ మీది కాగితం చూశాను, ఆయన మైకు కట్టేశాను.

తెర నిండా ఆటే ఉండి, మైకు ఆగిందన్న గుర్తు దాని వెనక పడిపోవడంతో ఆయనకు సంగతి తెలియలేదు. మీట నొక్కుతూ అరగంటసేపు ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నారు. ఒక్కటీ ఎవరికీ చేరలేదు. మా వాళ్ళు హాయిగా వాళ్ళ బుర్రలతో వాళ్ళు ఆడుకుని, రాజమండ్రి వాళ్ళమీద గెలిచారు. బావగారు గూటిలోంచి లేచి, చొక్కా సవరించుకుని, "చూశారా, నేను చెప్పినట్టు ఆడితే ఎలా ఉంటుందో!" అన్నారు. ఒకడు నవ్వాపుకోలేక, "మీరు చెప్పింది ఎవరికి వినపడిందండీ బాబూ, మీ మైకు ఎప్పుడో కట్టేశారు కదా మేడమ్ గారు!" అన్నాడు. పదిమందీ గొల్లుమన్నారు.

అత్తగారు ఇవేవీ పట్టించుకోకుండా, "నన్నెందుకు తిట్టావురా?" అని నిలదీశారు.

"నిన్ను కాదమ్మా, వాడి అమ్మని!"

"వాడి అమ్మ ఎవర్రా మరి?"

మర్నాడు నేను వెళ్ళేసరికి వెనకగది కంప్యూటరులో ఉన్నదంతా తుడిచిపెట్టేశారు. నా పాస్‌వర్డు ఏ యంత్రంలోనూ పనిచేయలేదు. నన్నిక కౌంటరుకి రావద్దని బావగారు చెప్పమన్నారని అత్తగారు తలవంచుకుని చెప్పారు. గోడమీద కాగితం ఎవరు రాశారో అడగమన్నాను. ఆ కాగితం కూడా లేదన్నారు. మా ఆయన గెలిచిన సంబరం ఇంకా దిగక కాబోలు, నోరు విప్పలేదు. నా పక్షాన ఒక్క ముక్క అనలేని ఆ మనిషిని కూడా నేను ఇవాళ్టికీ పూర్తిగా క్షమించలేదు, ఆయన ఇది చదివినా సరే. సెంటరులో మళ్ళీ కేకలు మొదలయ్యాయి, ఆడపిల్లలు గుమ్మం ఎక్కడం మానేశారు, కొన్నాళ్ళకు అది జిరాక్సు కొట్టయింది. ఆ రోజు నుంచి బావగారూ నేనూ నేరుగా ఒక్క మాట అనుకోలేదు.

మొన్న అట్టు మాడిన పొద్దున మాత్రం ఊరుకోలేదు. పొయ్యి కట్టేసి, గ్రూపులో మీట నొక్కి చెప్పాను: "బావగారూ, సర్వరు పెట్టింది నేనండి. టీ ఎదురు కొట్టుది. రెండూ మీకు తెలుసు." దాదాపు ఇరవై ఏళ్ళకు ఆయనతో నేరుగా అన్న మాట.

నలభైమంది విన్నారని ఫోను పేర్లతో సహా చూపిస్తోంది. చాలామంది దణ్ణాలు పెట్టారు, ఒకతను ఆ గోడకాగితాన్ని తలుచుకున్నాడు. విన్నవాళ్ళ పేర్లలో బావగారి పేరు లేదు. తీరిక లేక వినలేదో, నా గొంతు వినకూడదనుకున్నారో, నన్ను ఏనాడో మ్యూట్‌లో పెట్టేశారో. ఇప్పుడు ఎవరి నోరు ఎవరు కట్టేసినా చప్పుడుండదు. గోడమీద కాగితం అక్కర్లేదు, పదిమంది నవ్వూ ఉండదు. ఆ రోజుల్లో నయం, ఆట అయ్యేసరికైనా తెలిసేది.